గ్యాస్ వసారాలో, మట్టల పొయ్యి పెరట్లో: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 9, ఆదివారం

ఈ రోజు మొదలుపెట్టాం. ఊరు కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో ఉంది, మా మేనత్త కాపురం అక్కడే. నేను డిప్లొమా కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఫైనలియర్ పిల్లలు ముగ్గురు ప్రాజెక్టు కావాలని వెంటపడితే, బొమ్మ మోటార్లు తిప్పడం వద్దు, మన ఊళ్ళలో వంటకి ఏం కాలుస్తున్నారో, ఎంత కాలుస్తున్నారో కొలుద్దాం అన్నాను. ఈ ఊరే ఎందుకంటే మేనత్త ఉంది కాబట్టి. ముక్కూ మొహం తెలియనివాళ్ళని పెరట్లోకి ఎవరు రానిస్తారు?

పన్నెండు ఇళ్ళు ఎంచుకున్నాం. కాగితం మీద మొదటి ప్రశ్న, "మీరు వంటకి ఏం వాడతారు?" పన్నెండు ఇళ్ళలోనూ ఒకటే జవాబు. "మాకు గ్యాసేనండి, ఆయ్." పది గంటలకల్లా పని అయిపోయింది. పిల్లలు ఖుషీ.

మేనత్త ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే పక్కింటి పెరట్లోంచి పొగ లేస్తోంది. దాని వెనకింట్లోంచి ఇంకో పొగ. అవి మా లిస్టులో మూడో నంబరు, ఏడో నంబరు ఇళ్ళు. అదేంటత్తా, గ్యాసే అన్నారుగా అంటే ఆవిడ నవ్వింది.

"నువ్వడిగింది వంట గురించి కదరా. నీళ్ళు కాచుకోడం వంటెలా అవుద్ది?"

కాగితాలన్నీ పక్కన పడేశాం. ఇది మా ఒక్కళ్ళ తప్పు కూడా కాదు. 2011 జనాభా లెక్కల్లోనూ, కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ అడిగేది ఇంట్లో ముఖ్యంగా ఏ ఇంధనంతో వండుతారనే. 2019–21 సర్వేలో దేశం మొత్తం మీద 58.6 శాతం ఇళ్ళు గ్యాస్ లాంటి పొగలేని ఇంధనం వాడేవాటి కింద లెక్కకొచ్చాయి. ఆ లెక్క అబద్ధం అనను. కానీ మా మూడో నంబరు ఇల్లు ఆ లెక్కలో గ్యాస్ ఇల్లే అవుతుంది, ఏడో నంబరూ అంతే.

నవంబరు 16

కొత్త కాగితం తయారుచేశాం. ఇందులో ఇంధనం ఊసే లేదు. గిన్నెల పేర్లు రాశాం: కాఫీ, పాలు, టిఫిను, అన్నం, కూర, చేపల పులుసు, స్నానానికి నీళ్ళు, గేదెకి కుడితి. ఒక్కోదానికీ నిన్న ఏ పొయ్యి మీద పెట్టారు అని అడగాలి. "మామూలుగా" అని అడిగితే గొప్పకి చెబుతారు. "నిన్న" అంటే ఉన్నది చెబుతారు.

ఈసారి అసలు సంగతి బయటపడింది. కాఫీ పన్నెండిళ్ళలోనూ గ్యాస్ మీదే. టిఫినూ అంతే. కూర దాదాపు అన్నిళ్ళలో గ్యాస్. అన్నం దగ్గరికొచ్చేసరికి ఏడిళ్ళలో గ్యాస్, ఐదిళ్ళలో కట్టెల పొయ్యి. స్నానానికి నీళ్ళు గ్యాస్ మీద కాచే ఇల్లు ఒక్కటి కూడా లేదు. రెండిళ్ళలో కరెంటు హీటరు కడ్డీ ఉంది గానీ, అది చుట్టాలొచ్చినప్పుడే బయటికి తీస్తారట. చేపల పులుసు సంగతి అడిగితే తొమ్మిదో నంబరు ఇంటావిడ నా మొహం వింతగా చూసింది. మట్టి దాక గ్యాస్ మీద పెడితే పగిలిపోదూ అంది. కార్తీకమాసం కదా, ఈ నెలంతా చేపలు లేవనుకోండి. ఆ గడి ఖాళీగా ఉంచాం.

ఇంకో సంగతి. గ్యాస్ పొయ్యి ఎక్కువ ఇళ్ళలో వంటింట్లో లేదు. వసారాలో సిమెంటు గట్టు మీదో, కొన్నిళ్ళలో ముందు గదిలోనో ఉంది. బండ మటుకు గోడ అవతల. రెండో నంబరు ఇంట్లో మామ్మగారైతే కాఫీ పెట్టుకున్న ప్రతిసారీ రెగ్యులేటరు కట్టేస్తారు. ఎందుకండీ అంత భయం అని మా కుర్రాడు అడిగేశాడు. నగరం ఇక్కడికి ఎంత దూరం బాబూ అన్నారావిడ. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఆ ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పక్కనే ఉన్న పాశర్లపూడిలో 1995 జనవరిలో గ్యాస్ బావి ఎగదన్నుకుని రెండు నెలల పైనే మండింది. భూమి కింద అంత గ్యాస్ పెట్టుకుని పైన కొబ్బరి మట్టలు ఏరుకునే వాళ్ళం మనం అని మామ్మగారి పెద్దబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గ్యాస్ వాడకం తక్కువ అని కాగితం మీద రాసేటప్పుడు డబ్బు ఒక్కటే కారణం అనుకోకూడదని పిల్లలకి చెప్పాను.

నవంబరు 23

తూకాలు మొదలయ్యాయి. పద్ధతి తేలికే. పొద్దున్నే వెళ్ళి ఆ ఇంటికి రోజుకి సరిపడేంత కంటే కాస్త ఎక్కువ వంటచెరకు తూచి గోనెసంచుల్లో పెడతాం. ఆ రోజంతా అందులోంచే వాడాలి. మర్నాడు అదే వేళకి వెళ్ళి మిగిలింది తూస్తాం. గ్యాస్ బండని కూడా కొక్కెం కాటాకి తగిలించి తూస్తాం. రబ్బరు పైపు తగిలి ఉంటే అంకె అటూఇటూ ఆడుతుంది కాబట్టి రెగ్యులేటరు తీసే తూయాలి. ఇలా ఒక్కో ఇంటికి వరసగా నాలుగు రోజులు. తిన్నవాళ్ళ లెక్క కూడా రాసుకోవాలి. మగాడు ఒకటి, ఆడమనిషి 0.8, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు సగం అని ఈ కొలతల్లో ఒక లెక్క ఉంది. ఆ 0.8 ఎవరు పెట్టారని మా ప్రాజెక్టులో ఉన్న అమ్మాయి అడిగింది. పొలం నుంచి వచ్చి మేనత్త తినే ముద్దపప్పు అన్నం చూసినవాళ్ళెవరూ ఆ అంకె పెట్టరు.

మొదటి వారం కొలతలన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. కారణాలు రెండు.

మొదటిది తడి. మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా పక్కనే తీరం దాటింది. ఏ తోట చూసినా పడిపోయిన మట్టలే, విరిగిన చెట్లే. వంటచెరకుకి ఈ ఏడు కరువు లేదు, కానీ అంతా పచ్చిది. సోమవారం తూచిన మట్టల మోపు ముట్టుకోకుండానే బుధవారానికి కిలోన్నర తగ్గింది. ఎండలో ఆరిపోయింది అంతే. కాల్చకుండానే కాలినట్టు లెక్కకొచ్చిందన్నమాట. ఇకనుంచి ప్రతి ఇంట్లోనూ ముట్టుకోని మోపు ఒకటి పక్కన పెట్టి, అది ఎంత ఆరితే అంత తీసేయాలి.

రెండోది మర్యాద. ఆరో నంబరు ఇంట్లో నాలుగు రోజుల్లో ఒక్క పుల్ల కూడా కాలలేదు. గ్యాస్ మాత్రం కిలోన్నర పైనే అయింది. ఇదేం వింత అనుకుంటూ ఐదో రోజు వెళ్తే ఆవిడ గుమ్మంలోనే అందుకుంది.

"మీరు కాలేజీ వాళ్ళు తూకాలేత్తన్నారని నాలుగు రోజులూ అన్నీ దాని మీదే చేశానండి బాబూ. బండ అయిపోవచ్చింది. ఇంకెన్నాళ్ళండి ఈ తూకాలు?"

పొగ పెట్టే ఇల్లని రాసుకుంటామేమోనని ఆవిడకి నామోషీ. క్షమించమని చెప్పి, మళ్ళీ నెలకి వస్తాం, మీరు రోజూ ఎలా చేసుకుంటారో అలాగే చేసుకోండి అని బతిమాలాం.

నవంబరు 30

మనుషులు మర్యాదకి పోతున్నారు కాబట్టి మర్యాద తెలియని పరికరం పెట్టాం. పావలా బిళ్ళంత ఉంటుంది, పది నిమిషాలకోసారి వేడి ఎంతుందో దాచుకుంటుంది. పొయ్యి గోడకి అతికించి వచ్చేస్తే వారం తర్వాత తీసి చూసుకోవచ్చు. 85 డిగ్రీలు దాటితే చచ్చిపోతుందని దాని కాగితంలోనే రాసుంది. అయినా మా కుర్రాడు ఒకదాన్ని పొయ్యి మూతి పక్కనే పెట్టాడు. నీళ్ళు కాచిన మొదటి పొద్దునే అది మాడిపోయింది.

మిగిలినవి బాగానే పనిచేశాయి. ఐదో నంబరు ఇంట్లో మాత్రం రోజూ మధ్యాహ్నం రెండింటికి పొయ్యి వేడెక్కుతోంది. ఆ వేళప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు! వెళ్ళి చూస్తే పొయ్యి ఆరుబయట ఉంది, రెండింటికి ఎండ సూటిగా దాని మీదే పడుతోంది. తర్వాత గీతలు దగ్గరపెట్టి చూస్తే తేడా తెలిసిపోయింది. ఎండ గీత మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, మంట గీత ఒక్కసారి ఎగురుతుంది. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య ఎగిరే గీత దాదాపు అన్నిళ్ళలోనూ ఉంది. అవి స్నానాల నీళ్ళు. ఊళ్ళో అందరికంటే ముందు లేచేది ఎవరో ఆ గీతలే చెబుతున్నాయి.

డిసెంబరు 7

ఈ రోజు తూకాలేమీ లేవు, బోర్డు మీద లెక్కలే.

మేనత్త ఇంట్లో ఐదు పొద్దులు కూర్చుని కొలిచాం. ఇరవై లీటర్ల డేగిసా, మామూలు మూడు ఇటుకల పొయ్యి, మట్టలు, డొక్కలు (కొబ్బరికాయ పైన పీచు తొక్కలు) కలిపి. నీళ్ళు 27 డిగ్రీల నుంచి 60 దాకా వెళ్ళడానికి సగటున కిలోన్నర కాలింది. నీళ్ళలోకి నిజంగా వెళ్ళిన వేడి 2.76 మెగాజౌళ్ళు. కిలోన్నర డొక్కల్లో ఉన్న వేడి దాదాపు 24 మెగాజౌళ్ళు. అంటే నూటికి పదకొండు, పన్నెండు పాళ్ళు డేగిసాకి అందింది, మిగతాది ఆకాశానికి పోయింది.

అదే నీళ్ళు గ్యాస్ మీద కాస్తే ఎంతవుతుంది? గ్యాస్ కిలోకి 46 మెగాజౌళ్ళు, పొయ్యి నూటికి అరవై పాళ్ళు అందిస్తుందనుకుందాం. డేగిసాకి వంద గ్రాములు చాలు. ఆహా, వంద గ్రాములేనా అన్నారు పిల్లలు. నలుగురైదుగురున్న ఇంటికి రోజుకి రెండు డేగిసాలు. ఎండాకాలం వదిలేసి ఎనిమిది నెలలు వేసుకోండి. 48 కిలోలు అవుతుంది. బండలో ఉండేది 14.2 కిలోలు. మూడు బండలు చాలవు, మూడు దాటి ఇంకోదాంట్లో మూడో వంతు పైనే కావాలి.

దీపం-2 కింద రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి ఇచ్చే ఉచిత సిలిండర్లు ఎన్ని? మూడు. అవన్నీ స్నానాలకే సరి. ఇది బోర్డు మీద తేలాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మూడో నంబరు ఇంటావిడ ఈ లెక్కేమీ వేయకుండానే ఏనాడో తేల్చేసుకుంది. అది నాకు ఇంకా ఆశ్చర్యం.

ఉచితమే అయినా ముందు డబ్బు కట్టి బండ దించుకోవాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. పదకొండో నంబరు ఇంట్లో ఆ కట్టే డబ్బు చేతిలో లేక రెండు వారాలు బండ తేలేదు. ఖాతాలో పడిన డబ్బు వేరే అప్పు కింద పోయింది. కూలి పనులు లేని నెలలో గ్యాస్ ఆగుతుంది, మట్టలు ఆగవు.

డిసెంబరు 10, మధ్యలో ఒక మాట

వంటచెరకు ఊరికే వస్తుందంటాం గానీ అదీ పూర్తిగా నిజం కాదు. ఇదివరకు కొబ్బరి దింపు తీసినప్పుడల్లా డొక్కలు తోటలోనే గుట్టగా పడుండేవి, ఎవరికి కావాల్సినవి వాళ్ళు తట్టలకెత్తుకునేవారు. ఇప్పుడు పీచు తీసే యూనిట్ల లారీలొచ్చి పట్టుకుపోతున్నాయి. చిప్పలకి కూడా ధర ఉంది. తోట లేనివాళ్ళకి మట్టలే దిక్కు. ఆ మట్టల్లోంచి కూడా ముందు ఈనెలు చీల్చి చీపుళ్ళు కట్టి అమ్ముతారు, ఆకు దగ్గర పెట్టుకుంటారు, కాడ పొయ్యిలోకి పోతుంది. చేపల చెరువులొచ్చాక వరి తగ్గింది, గడ్డి తగ్గింది, గేదెలూ తగ్గాయి. దాంతో పిడకలూ తగ్గాయి. మేనత్త ఇంట్లో దాలిగుంట ఇప్పటికీ ఉంది గానీ అందులో పిడక రాజుకుని ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు. పిడక సెగ మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాగి ఎర్రగా మీగడ కట్టిన పాలు నేను చిన్నప్పుడు తాగాను. ఇది ప్రాజెక్టుకి సంబంధం లేని మాట, కొట్టేయొచ్చు.

డిసెంబరు 14

ఆత్రేయపురం వెళ్ళొచ్చాం. పని ఉండి కాదు, పిల్లలు అడిగారని. కానీ వెళ్ళాక నోట్సులో నాలుగు పేజీలు నిండాయి.

పూతరేకు తీసే కుండ చూశారా ఎప్పుడైనా? బోర్లించిన కుండ, నున్నటి అడుగు పైకి ఉంటుంది, కింద పక్కనుంచి మంట. రేకులు తీసే ఆవిడ పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క గుంజు గుంజింది. గుడ్డ అవతలికి చేరేలోపే వెనక పొర ఆరిపోయింది, దాన్ని చేత్తో లేపి పక్కన పెట్టింది. ఎడం చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఖాళీగా లేదు. ఎండు కొబ్బరాకు రెండేసి రెబ్బలు తీసి మంటలోకి తోస్తూనే ఉంది. ఎక్కువ పెడితే రేకు మాడుతుంది, ఆపితే కుండ చల్లారి అంటుకుపోతుంది. కొబ్బరాకు భగ్గున మండి ఇట్టే ఆరిపోతుంది కాబట్టి మంట ఎంత కావాలంటే అంతే, ఎప్పుడు కావాలంటే అప్పుడే. పుల్లలైతే నిప్పు నిలిచిపోతుంది, అది దీనికి పనికిరాదట. గ్యాస్ సెగ ఒక్కచోటే తగులుతుంది, ఆకు మంట కుండంతా నాకుతుందని ఆవిడ చెప్పింది.

2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఇంట్లో రోజంతా కాలే ఆకు మాత్రం ఏ వంట లెక్కలోకీ రాదు. ఇది ఇంటి వంట కాదు, ఫ్యాక్టరీ అసలే కాదు. కళ్ళు మండుతున్నాయా అమ్మా అని మా అమ్మాయి అడిగితే, అలవాటైపోయిందని ఆవిడ తలెత్తకుండానే అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

డిసెంబరు 21

కొలవడం చాలించి కట్టడం మొదలుపెట్టాం. వంట పొయ్యి జోలికి పోలేదు. లెక్కంతా నీళ్ళ దగ్గరే ఉంది కాబట్టి నీళ్ళ పొయ్యే.

మొదటిది మేనత్త పెరట్లో. ఇటుకలు, మట్టి, కాస్త ఊక. డేగిసా పొయ్యి మీద కూర్చోకుండా సగం లోపలికి దిగేలా కట్టాం. డేగిసాకీ గోడకీ మధ్య వేలంత సందు, ఒకటిన్నర సెంటీమీటర్లు. సెగ అడుగు తగిలి పారిపోకుండా ఆ సందులోంచి పక్కలు రుద్దుకుంటూ పైకి పోవాలి. అడుగున 8 ఎంఎం ఇనుప ఊచలతో జల్లెడలా పెట్టి, దాని కింద బూడిద గుంట వదిలాం. గాలి కిందనుంచి వస్తే నిప్పు బాగా రాజుకుంటుంది. మూతి ఐదంగుళాలు.

తొమ్మిదో నంబరు ఇంటావిడ చూడ్డానికొచ్చింది. మా ఇంట్లో కూడా ఒకప్పుడు ఇలాంటి గవర్నమెంటు పొయ్యి కట్టారు, పొగలేని పొయ్యి, సిమెంటు గొట్టం కూడా పెట్టారు అంది. 1983లో మొదలై 2002 దాకా నడిచిన కార్యక్రమం అది. ఏడాదికి గొట్టం మసితో పూడుకుపోయింది, తీసేవాడు లేడు, పొయ్యి పగలగొట్టేశాం అంది ఆవిడ. గొట్టం ఏమైంది అని అడిగాను. దొడ్లో తూముకి పెట్టారట. ఇంకా పనిచేస్తోందట!

మేం గొట్టం పెట్టలేదు.

డిసెంబరు 28

తూకం అద్భుతం. ఇరవై లీటర్లకి కిలోన్నర నుంచి తొమ్మిది వందల గ్రాములకి దిగింది. పిల్లలు ఫొటోలు దిగారు. మూడో రోజు పొద్దున్న వెళ్తే మేనత్త పాత మూడు ఇటుకల మీదే నీళ్ళు కాస్తోంది.

అడిగితే ఒక మట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మొదలు దగ్గర ఆరంగుళాల వెడల్పు. మా మూతి ఐదు.

"దీన్ని రోజూ తెల్లారగట్ట కత్తి పట్టుకుని ఎవడు నరుకుతాడ్రా? పాత దాంట్లో అయితే మొదలు పెట్టి కాలేకొద్దీ కాలితో తోసేదాన్ని."

నిజమే. నాలుగడుగుల మట్టని అలాగే పెట్టి, అది కాలేకొద్దీ లోపలికి జరుపుకుంటూ ఆ చేత్తో ఇంకో పని చేసుకుంటారు. మేం తూచేటప్పుడు మట్టలు ముక్కలు కొట్టింది మా కుర్రాళ్ళు. నరకడానికి పట్టే టైము మా లెక్కలో ఎక్కడా లేదు.

రెండో ఫిర్యాదు మసి. డేగిసా లోపలికి దిగడంతో అడుగే కాదు, పక్కలు కూడా నల్లగా అయ్యాయి. తోమేది ఎవరు? దీనికి మందు మాత్రం ఆవిడ దగ్గరే ఉంది. పొయ్యి మీద పెట్టేముందు డేగిసాకి బయట తడి మట్టీ బూడిదా కలిపి పల్చగా పూసింది. పొయ్యి మీంచి దించాక చెంబుడు నీళ్ళు పోస్తే మసి మట్టితో సహా జారిపోయింది. వాళ్ళమ్మ నేర్పిందట. ఆ పూత వల్ల వేడి ఏమన్నా తగ్గుతుందా అని మళ్ళీ తూచాం. కాటాకి అందేంత తేడా లేదు.

జనవరి 4

రెండో పొయ్యి, మూతి తొమ్మిదంగుళాల వెడల్పు, ఐదంగుళాల ఎత్తు. మట్ట ఆనుకోడానికి ముందు ఒక ఇటుక అరుగు. తూకం కిలో వంద గ్రాములకి పెరిగింది. పోనీ. ఆరో నంబరు ఇంటావిడ, అదే మర్యాద గల ఆవిడ, తనే అడిగి కట్టించుకుంది. ఇంకో మూడిళ్ళలో కూడా కట్టాం. మేనత్తతో కలిపి ఐదు.

ఆరో నంబరు ఇంట్లో మళ్ళీ నాలుగు రోజులు తూచాం. ఈసారి గ్యాస్ రోజుకి నూట ఎనభై గ్రాములు, మిగతాదంతా మట్టలు.

జనవరి 11

ఊరంతా భోగి సందడి. పిడకలు తగ్గాయని రాసుకున్నానా, ఈ వారం ప్రతి గోడ మీదా చిన్న చిన్న భోగి పిడకలు, నడుమ చిల్లులతో, దండ గుచ్చడానికి. గేదె లేనివాళ్ళు పక్కూరి నుంచి పేడ తెప్పించుకున్నారు. మా తూకాలు ఈ వారం ఆపేశాం. అరిసెలకి, జంతికలకి పెరట్లో పెద్ద పొయ్యిలు పెట్టారు, ఆ లెక్క పట్టుకుంటే మామూలు రోజుల లెక్క పాడవుతుంది. అరిసెలు మాత్రం పుచ్చుకున్నాం.

జనవరి 18

పండగ అయ్యాక ఐదు పొయ్యిలూ చూసొచ్చాం. ఒకదాంట్లో కోడి గుడ్లు పెట్టింది, మూడు వారాలు దాన్ని కదపనంటున్నారు. ఇంకో ఇంట్లో ఊచలు ఊడదీసి అరటిగెలకి ఊతకర్ర కట్టడానికి వాడేశారు. మిగతా మూడూ నడుస్తున్నాయి.

అందులో ఒకటి మేనత్తది. కానీ అది మేం కట్టిన పొయ్యి కాదు. గునపంతో మూతి పైన ఇంకో అంగుళంన్నర కొట్టేసింది, పక్కన చిన్న కన్నం పెట్టింది. కన్నం ఎందుకత్తా అంటే, డేగిసా కింద నిప్పు మిగులుతోంది కదా, దాని సెగకి పక్కన ఇంకో గిన్నె పెట్టుకుంటున్నా అంది. చూస్తే అందులో గేదెకి కుడితి గోరువెచ్చగా ఉంది. తూచాం. డేగిసాకి కిలో రెండు వందలు. కుడితికి విడిగా పొయ్యి రాజేయడం మానేసింది. దాన్ని ఏ గడిలో రాయాలని మా అమ్మాయి అడిగింది. కొత్త గడి గీయమన్నాను.

వచ్చే ఆదివారానికి: 8 ఎంఎం ఊచలు ఆరు, అడుగున్నర పొడవు. పక్క కన్నంతో ఇంకో పొయ్యి ఏడో నంబరు ఇంట్లో. గునపం మేనత్త దగ్గర తీసుకోవాలి.